నదిలో వదిలిన తంతి వార్త

బాక్సర్ల తిరుగుబాటు అణిగిపోయింది. ఎనిమిది దేశాల సైన్యాలు బీజింగ్‌ను దోచుకున్నాయి. రాజమాత సిషీ పల్లెటూరి ఆడమనిషిలా నీలం బట్టలు కట్టుకుని, బండెక్కి షియాన్‌కు పారిపోయింది. ఇదంతా గత భాగంలో చూశాం. ఇక మిగిలింది లెక్క తేల్చడం.

ఆ లెక్క 1901 సెప్టెంబరు 7న తేలింది. నష్టపరిహారం కింద చైనా 45 కోట్ల టేళ్ల వెండి చెల్లించాలి. టేల్ అంటే మూడు తులాల పైచిలుకు వెండి. అంటే మొత్తం దాదాపు పదిహేడు వేల టన్నులు. దేశ జనాభా 45 కోట్లు కాబట్టి తలకొక టేల్ చొప్పున జరిమానా వేశారని చైనాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అసలు ఒక్కసారిగా కట్టడం ఎవరి వల్లా కాదు కనుక 1940 దాకా 39 ఏళ్ల వాయిదాలు పెట్టారు. నూటికి నాలుగు వడ్డీ. వడ్డీతో కలిపితే 98 కోట్ల టేళ్లు దాటుతుంది. ఆ రోజుల్లో దేశాన్ని ఏలుతున్న మంచూ జాతి చింగ్ వంశపు ప్రభుత్వానికి ఏటా వచ్చే రాబడి పది కోట్ల టేళ్లకు అటూఇటూ. పంపకాల్లో అందరికంటే పెద్ద వాటా, నూటికి 29 వంతులు, రష్యా పట్టుకుపోయింది. జర్మనీకి 20.

ఓడిపోయి యుద్ధ ఖర్చులు చెల్లించుకోవడం చైనాకు కొత్త కాదు. నల్లమందు యుద్ధం తర్వాత 1842లో నాన్‌జింగ్ సంధి ప్రకారం 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు కట్టింది. అందులో 60 లక్షలు తాను పట్టుకుని నాశనం చేయించిన నల్లమందుకే! ఆ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడినవాళ్లలో మద్రాసు సైన్యపు సిపాయిలు చాలామంది ఉన్నారు. ఉత్తర సర్కారు జిల్లాల నుంచి మొదట్నుంచీ మనుషుల్ని చేర్చుకుంటూ వచ్చిన సైన్యమది. 1841 మే చివర్లో కాంటన్ శివార్లలోని సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర 37వ మద్రాసు పటాలానికి చెందిన ఒక దళం భోరున కురిసే వానలో దారి తప్పింది. మందు తడిసి తుపాకులు పేలలేదు. వేలాది గ్రామస్థులు బరిసెలతో, గునపాలతో చుట్టుముట్టారు. సిపాయిలు ఒకరి వీపు ఒకరు కాచుకుంటూ చదరంగా నిలబడి చీకటి పడేదాకా నెట్టుకొచ్చారు. తడిసినా పేలే కొత్త తుపాకులున్న నావికా దళం వెతుక్కుంటూ వచ్చి వాళ్లను కాపాడింది. చైనా పాఠ్యపుస్తకాల్లో ఈ ఘటన విదేశీయుల మీద ప్రజల తొలి విజయం. మన పాఠ్యపుస్తకాల్లో దీని ఊసు ఉన్నట్టు లేదు.

1860లో మళ్లీ ఓటమి. బ్రిటన్‌కు 80 లక్షల టేళ్లు, ఫ్రాన్స్‌కు 80 లక్షలు. ఇవన్నీ ఎలాగో తీర్చారు. నడ్డి విరిచింది 1895. జపాన్ చేతిలో ఓడినందుకు 20 కోట్ల టేళ్లు, జపాన్ ఆక్రమించుకున్న లియావ్‌డోంగ్ ద్వీపకల్పాన్ని వెనక్కి ఇచ్చినందుకు మరో 3 కోట్లు. తైవాన్ పోనే పోయింది. అప్పటిదాకా జరిమానాలు కట్టిన చైనా అప్పట్నుంచి జరిమానా కట్టడానికి అప్పులు చేయడం మొదలుపెట్టింది. 1895లో రష్యా, ఫ్రాన్స్ బ్యాంకుల నుంచి 40 కోట్ల ఫ్రాంకులు తెచ్చింది. బ్రిటిష్, జర్మన్ బ్యాంకుల నుంచి 1896లో కోటీ 60 లక్షల పౌన్లు, 1898లో మళ్లీ అంతే. వీటికి తాకట్టు ఓడరేవుల్లో వసూలయ్యే సుంకాలు. ఆ సుంకాల శాఖను నడిపిందేమో ఐర్లండ్ నుంచి వచ్చిన రాబర్ట్ హార్ట్. 1863 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు చైనా చక్రవర్తి కొలువులో జీతం తీసుకుంటూ, చైనా ఖజానాకు నమ్మకంగా పన్ను లెక్కగట్టి ఇచ్చిన తెల్లవాడు. లంచం ముట్టని మనిషి. ఆయన లెక్కలు అంత పక్కాగా ఉన్నందువల్లే విదేశీ బ్యాంకులు ధైర్యంగా అప్పులిచ్చాయన్నది వేరే సంగతి.

చింగ్ వంశం పతనం గురించి రాసేటప్పుడు సాధారణంగా ఒక బొమ్మ గీస్తారు. మార్పు అంటే గిట్టని ముసలి రాణి, కుళ్లిపోయిన దర్బారు, బయట తలుపు తడుతున్న కొత్త శతాబ్దం. 1898లో గువాంగ్షూ చక్రవర్తి సంస్కరణలను నూరు రోజులకే తొక్కేసి, చెల్లెలి కొడుకుని చెరువు మధ్య దీవిలో ఖైదు చేసిన సిషీ విషయంలో ఆ బొమ్మ కొంతవరకు నిజమే. కానీ 1901 తర్వాత అదే సిషీ మొదలుపెట్టిన పనులు చూస్తే కళ్లు తిరుగుతాయి. పదమూడు వందల ఏళ్లుగా అధికారుల్ని ఎంపిక చేస్తున్న పరీక్షలను 1905లో ఒక్క ఆజ్ఞతో రద్దు చేసింది. మనిషిని ముక్కముక్కలుగా కోసి చంపే శిక్షను అదే ఏడాది ఎత్తేశారు. కొత్త బడులు, కొత్త పోలీసు, జర్మన్, జపాన్ పద్ధతుల్లో తర్ఫీదు పొందిన కొత్త సైన్యం వచ్చాయి. జపాన్‌కు వేల మంది విద్యార్థులు వెళ్లారు. 1908లో రాజ్యాంగపు ముసాయిదా, 1909లో రాష్ట్రాలకు ఎన్నికైన సభలు.

వీటన్నిటికీ డబ్బు కావాలి. కేంద్రానికి వచ్చే దాంట్లో సుంకాలూ ఉప్పు పన్నూ విదేశీ వాయిదాలకే పోతున్నాయి. అందుకని బీజింగ్ ఏ సంస్కరణ తలపెట్టినా ఖర్చు మీరే చూసుకోండని రాష్ట్రాల మీదికి నెట్టేది. రాష్ట్రాలు జిల్లాల మీదికి, జిల్లాలు రైతు మీదికి. ఊళ్లో గుడిని బడిగా మార్చారు. బడి కోసం మాంసం మీద పన్ను, పోలీసు కోసం ఇళ్ల మీద పన్ను. జనాభా లెక్కలకు ఇంటి నెంబర్లు వేయడానికి వచ్చినవాళ్లను కూడా పన్నుకే వచ్చారనుకుని తరిమికొట్టిన ఊళ్లున్నాయి. కొత్త బడుల్ని తగలబెట్టిన సంఘటనలూ చాలానే జరిగాయి. చేసే మేలు కూడా జనానికి జరిమానాగానే కనిపించే స్థితి వచ్చాక ప్రభుత్వాన్ని కాపాడటం కష్టం.

ఇక రైళ్ల సంగతి. మొట్టమొదటి రైలు 1876లో షాంఘై దగ్గర వూసోంగ్ మార్గంలో నడిచింది. జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ కంపెనీ అనుమతి లేకుండా రోడ్డు పేరు చెప్పి వేసిన పట్టాలవి. కొన్నాళ్లకే ఒక మనిషి రైలు కింద పడి చనిపోయాడు. గోల మొదలైంది. ప్రభుత్వం 2 లక్షల 85 వేల టేళ్లిచ్చి ఆ మార్గాన్ని కొనేసి, 1877లో పట్టాలు పీకించి తైవాన్‌కు పంపించేసింది. ఇది చూసి పాశ్చాత్యులు పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ నవ్వులో పస లేదని తేలిపోయింది. మంచూరియాలో రష్యా, షాన్‌డోంగ్‌లో జర్మనీ, యున్నాన్‌లో ఫ్రాన్స్ రైలు మార్గాలు వేసుకుంటూ, పట్టాల వెంట గనుల్నీ పోలీసుల్నీ తెచ్చుకుంటూ లోపలికి వచ్చేశాయి. పట్టా ఎవరిదైతే ఆ జిల్లా వాడిదే అన్న భయం చైనా చదువరుల్లో పాతుకుపోయింది. అది ఉత్తుత్తి భయం కాదు.

అందుకే 1905 ప్రాంతంలో రైలు అంటే జాతి గౌరవం అయిపోయింది. కాంటన్‌నుంచి హాంకౌ దాకా వేస్తామని హక్కు తీసుకుని ఏళ్ల తరబడి నాన్చిన అమెరికన్ కంపెనీ దగ్గర ఆ హక్కును 67 లక్షల 50 వేల డాలర్లు పోసి వెనక్కి కొన్నారు. (దానికి అప్పు ఇచ్చింది హాంకాంగ్‌లోని బ్రిటిష్ ప్రభుత్వం. హక్కు విడిపించుకోవడానికీ అప్పే!) అదే ఏడాది చైనీయుల వలసను అడ్డుకునే చట్టాలకు నిరసనగా చైనా రేవు పట్టణాల్లో అమెరికా సరుకుల్ని బహిష్కరించారు. బెంగాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైందీ, గోదావరి ఒడ్డున దాని వేడి తగలడం మొదలైందీ అప్పుడే. యేల్‌లో చదువుకొచ్చిన ఇంజనీరు జాన్ తియెన్‌యో విదేశీ అప్పు లేకుండా, విదేశీ ఇంజనీర్లు లేకుండా బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌ దాకా కొండల మీదుగా మార్గం వేసి 1909లో రైలు నడిపించాడు. చేయగలం అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

సిచువాన్ కథ ఇక్కడ మొదలవుతుంది. చుట్టూ కొండలు, మధ్యలో సారవంతమైన మైదానం, దేశంలోకెల్లా ఎక్కువ జనం. బయటి ప్రపంచానికి దారి ఒక్కటే, యాంగ్జీ నది. ఆ నది ఇరుకు లోయల్లో సుళ్లు తిరుగుతుంది. ప్రవాహానికి ఎదురు పడవల్ని తాళ్లతో మనుషులే లాక్కెళ్లాలి. హాంకౌ నుంచి చెంగ్డూకు రైలు వేస్తే రాష్ట్రం దశ తిరుగుతుందని అందరూ అన్నారు. 1904లో కంపెనీ పెట్టారు. విదేశీయుడు ఒక్క వాటా కూడా కొనకూడదని నిబంధన. మరి అంత పెట్టుబడి ఎక్కడిది? ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక హద్దు దాటి ధాన్యం పండించే ప్రతి రైతూ, ప్రతి భూస్వామీ పంటలో నూటికి మూడు వంతులు రైలు కోసం ఇవ్వాలి. పన్ను లాగే వసూలు చేస్తారు, కానీ బదులుగా వాటా పత్రం చేతికిస్తారు. అలా కోటి టేళ్లు దాటి పోగైంది. అందులో సింహభాగం పొలాల నుంచి వచ్చిందే. లోకంలో ఇంకెక్కడైనా రైలు చూడని లక్షల మంది రైతులు రైలు కంపెనీకి వాటాదార్లయ్యారో లేదో నాకు అనుమానమే.

కంపెనీ పెద్దలు ఆ డబ్బుతో ఏం చేశారంటే, పట్టాలు వేయడం తప్ప మిగతావన్నీ చేశారు. పనులు 1909లో ఎగువన కాకుండా దిగువన, పక్క రాష్ట్రంలోని ఇచాంగ్ దగ్గర మొదలయ్యాయి. రెండేళ్లలో పడిన పట్టా నామమాత్రం. ఖాళీగా ఉన్న సొమ్మును షాంఘైలో కంపెనీ తరఫు మనిషి రబ్బరు వాటాల జూదంలో పెట్టాడు. 1910 వేసవిలో లండన్‌లో రబ్బరు ధర కుప్పకూలింది, షాంఘై బ్యాంకులు దివాలా తీశాయి, సిచువాన్ రైతుల డబ్బులో ముప్పై లక్షల టేళ్ల దాకా ఆవిరైపోయింది. ఇంకో మాట చెప్పాలి. ఆ మార్గంలో ఇచాంగ్ నుంచి వాన్‌జౌ దాకా కొండల్ని తొలిచి రైలు నడపడం చివరికి 2010 డిసెంబరులో గానీ సాధ్యం కాలేదు. 1909 నాటి పరికరాలతో, పరుల వాటా లేకుండా, పంట మీద మూడు వంతులతో అది జరిగే పని కాదని లెక్క తెలిసినవాళ్లకు తెలుసు.

అలా తెలిసినవాడు షెంగ్ షువాన్‌హువై. తంతి, ఉక్కు, నౌకలు, బ్యాంకు అన్నింట్లోనూ వేలు పెట్టి సంపన్నుడైన మంత్రి. ఆయన వాదన సూటిగా ఉంది. ఈ ప్రైవేటు కంపెనీల వల్ల కాదు, ముఖ్యమైన రైలు మార్గాలన్నీ ప్రభుత్వం తీసుకుని, విదేశీ అప్పుతో కట్టేద్దాం. లెక్క ప్రకారం ఆయనే ఒప్పు. అయితే ఆయన ఎంచుకున్న సమయం ఎలాంటిదంటే, శత్రువు కూడా అంతకంటే చెడ్డ ముహూర్తం పెట్టలేడు.

ఎందుకంటే అప్పటికి 1908 నవంబరులో ఒక్క రోజు తేడాతో గువాంగ్షూ, సిషీ ఇద్దరూ పోయారు. చక్రవర్తి వెంట్రుకల్లో ఆర్సెనిక్ ఉందని నూరేళ్ల తర్వాత పరీక్షల్లో తేలింది గానీ, ఎవరు పెట్టారో తేలలేదు. మూడేళ్లు నిండని పూయీ సింహాసనం ఎక్కాడు. తండ్రి జైఫెంగ్ రాజప్రతినిధి. రాష్ట్ర సభలు ఏర్పడ్డాక సభ్యులంతా ముక్తకంఠంతో అడిగింది ఒక్కటే, త్వరగా పార్లమెంటు పెట్టమని. వాళ్లకు దక్కింది 1911 మే 8న ప్రకటించిన మంత్రివర్గం. పదమూడు మందిలో, దేశంలో అత్యధికులైన హాన్ చైనీయులు నలుగురే. మిగిలినవాళ్లలో ఎక్కువమంది రాజకుటుంబీకులు. నమ్మకం పెట్టుకున్న పెద్దమనుషులకు చెంప చెళ్లుమంది. మర్నాడు, మే 9న, రైళ్ల జాతీయీకరణ ఆజ్ఞ. మే 20న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా బ్యాంకులతో 60 లక్షల పౌన్ల ఒప్పందం. మూడు అడుగులు, పన్నెండు రోజులు.

సిచువాన్ వాళ్లకు ఇంకో చేదు మాత్ర కూడా వేశారు. నిజంగా పట్టాల మీద ఖర్చైన సొమ్ముకు మాత్రమే ప్రభుత్వ బాండ్లు ఇస్తాం, షాంఘైలో పోగొట్టుకున్నది మీ ఖర్మ అన్నారు. మిగతా రాష్ట్రాలకు కాస్త మెరుగైన షరతులు దొరికాయి. దర్బారు కోణంలోంచి చూస్తే జూదంలో పోయిన డబ్బు ఖజానా ఎందుకు భరించాలి? రైతు కోణంలోంచి చూస్తే వాటా పత్రం చేతిలో పెట్టింది ప్రభుత్వ ముద్రతోనే కదా? నాకైతే రెండో వైపే న్యాయం ఎక్కువ కనిపిస్తుంది. పన్నులా బలవంతంగా వసూలు చేసిన డబ్బును నష్టం వచ్చాక మాత్రం వ్యాపారం అనడం కుదరదు.

జూన్ 17న చెంగ్డూలో రైలు రక్షణ సమితి ఏర్పడింది. నాయకులు తిరుగుబాటుదార్లేం కాదు. రాష్ట్ర సభ అధ్యక్షుడు పూ దియెన్‌జున్ పాత పరీక్షల్లో అత్యున్నత పట్టా పొంది, జపాన్‌లో న్యాయశాస్త్రం చదివొచ్చినవాడు. ఉపాధ్యక్షుడు లువో లున్ కూడా పట్టభద్రుడే. ఆగస్టు చివర్లో బంద్ మొదలైంది. పట్టు దుకాణాలు మూతపడ్డాయి, బడులు ఆగాయి, ఆ తర్వాత పన్ను కట్టేది లేదన్నారు. వాళ్లు ఎంచుకున్న ఆయుధం చూడండి. చనిపోయిన గువాంగ్షూ చక్రవర్తి పేరు రాసిన పసుపు పచ్చ పటాలు అచ్చు వేయించి ఇంటింటి గుమ్మానికీ అంటించారు. పక్కన ఆయన ఆజ్ఞల్లోని మాటలు, పాలనలో ప్రజాభిప్రాయం వినాలనీ, సిచువాన్ రైలు ప్రజల కంపెనీదేననీ. పటం ముందు అగరొత్తులు. వీధుల్లో అడ్డంగా పందిళ్లు వేసి వాటిలోనూ చక్రవర్తి పటం పెట్టారు. పందిరి ఎత్తు తక్కువ. పల్లకీలో వచ్చే అధికారి ఎవరైనా సరే చక్రవర్తి పటం ముందు దిగి, నడిచి దాటాల్సిందే. దిగకపోతే రాజద్రోహం. పందిరి పీకించినా రాజద్రోహమే. చెంగ్డూ అధికారులు ఆ వారాల్లో ఆఫీసుకు వెళ్లడానికి ఎంత నడిచి ఉంటారో!

కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ జావ్ అర్‌ఫెంగ్ టిబెట్ సరిహద్దుల్లో చేసిన రక్తపాతానికి కసాయి అని పేరు పొందినవాడు. విచిత్రంగా మొదట్లో ఆయన కూడా కాస్త తగ్గమని బీజింగ్‌కు రాశాడు. బీజింగ్ తగ్గలేదు, పైగా గట్టిగా మందలించింది. సెప్టెంబరు 7న మాట్లాడుకుందాం రమ్మని పిలిచి పూ, లువోలతో సహా నాయకుల్ని పట్టుకున్నాడు. నాయకుల్ని వదలమని జనం చక్రవర్తి పటాలు చేత్తో పట్టుకుని, అగరొత్తులు వెలిగించుకుని ఆయన కచేరీ ఆవరణలోకి ఏడుస్తూ వచ్చారు. సైనికులు కాల్చారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. పటాలు పట్టుకున్న చేతులతోనే పడిపోయారు. చక్రవర్తి పేరు మీద చక్రవర్తి ప్రభుత్వం కాల్పులు జరిపింది. దర్బారు మీద సిచువాన్‌కు మిగిలిన కాస్త భక్తీ ఆ సాయంత్రంతో పోయింది.

జావ్ కోట తలుపులు మూయించాడు, తపాలా ఆపాడు, తంతి తీగల మీద కాపలా పెట్టాడు. నగరంలో జరిగింది బయటికి పొక్కకూడదు. లోపల ఉన్న కొందరు విప్లవకారులు ఆ రాత్రి నగర దక్షిణాన వ్యవసాయ ప్రయోగశాల తోటలో చేరి, వందల కొద్దీ చెక్కలు కోశారు. అడుగు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. ఒక్కో చెక్క మీదా నాయకుల్ని బంధించారనీ, ఇక సిచువాన్ మీద పడతారనీ, ఎక్కడివాళ్లక్కడ లేవాలనీ రాశారు. నీటికి చెరిగిపోకుండా టుంగ్ నూనె పూసి జిన్ నదిలో వదిలారు. వానాకాలం, నది నిండుగా పారుతోంది. చెక్కలు రాత్రంతా కొట్టుకుపోయి దిగువ ఊళ్ల రేవుల్లో తేలాయి. గుడ్డలుతికేవాళ్లు, పడవలవాళ్లు తీసి చదివించుకున్నారు. కొన్ని రోజుల్లోనే పల్లెల నుంచి రహస్య సంఘాల మనుషులు బరిసెలతో, నాటు తుపాకులతో వేల సంఖ్యలో చెంగ్డూ వైపు కదిలారు. ఆ చెక్కలకు జనం పెట్టుకున్న పేరు నీటి తంతి.

చుట్టుముట్టిన జనం చేతుల్లో మంచి ఆయుధాల్లేవు కాబట్టి చెంగ్డూ పడలేదు. కానీ బీజింగ్ బెదిరిపోయి పక్క రాష్ట్రమైన హుబే నుంచి కొత్త సైన్యాన్ని సిచువాన్‌కు పంపమంది. ఆ దళాలకు నాయకుడు దువాన్‌ఫాంగ్. మంచూల్లో అరుదైన మనిషి. యూరప్, అమెరికా చుట్టి వచ్చి రాజ్యాంగం కావాలని నివేదిక రాసినవాళ్లలో ఒకడు. పాత కంచు పాత్రలు, శిలా శాసనాలు సేకరించే రసికుడు. సిషీ శవయాత్రలో ఫోటోలు తీయనిచ్చాడన్న నేరం మీద 1909లో పదవి పోగొట్టుకుని, రైళ్ల డైరెక్టరుగా మళ్లీ కొలువులో చేరాడు. రెండు రెజిమెంట్లు వెంటబెట్టుకుని ఆయన యాంగ్జీ ఎగువకు బయల్దేరాడు. వాళ్ల వెనక హుబే రాజధాని వూచాంగ్‌లో సైన్యం పలచబడింది.

వూచాంగ్‌లో మిగిలిన సైన్యం ఎలాంటిది? పరీక్షలు రద్దయ్యాక చదువుకున్న పేద పిల్లలకు దారి మూసుకుపోయింది కదా, వాళ్లలో చాలామంది జీతం కోసం కొత్త సైన్యంలో చేరారు. 1905లో హుబేలోని హువాంగ్‌పీలో చేర్చుకున్న 96 మందిలో 36 మంది పాత పరీక్షల్లో తొలి మెట్టు దాటినవాళ్లేనని అందులో ఒకరు తర్వాత రాసుకున్నారు. పుస్తకాలు చదివే సిపాయిలు! వాళ్లకు విప్లవ పత్రికలు చేరడం ఎంతసేపు? సాహిత్య సమితి పేరుతో ఒక సంఘం నడిచింది. పైకి సాహిత్యం, లోపల బాంబులు. 1911 నాటికి వూచాంగ్ సైనికుల్లో మూడో వంతు ఏదో ఒక రహస్య సంఘంలో ఉన్నారు. ఆ ప్రభుత్వమే కడుపు మాడ్చుకుని జీతాలిచ్చి, కొత్త తుపాకులిచ్చి పెంచిన సైన్యమది.

అక్టోబరు 9న అవతలి ఒడ్డున హాంకౌలో, రష్యన్ల అధీనంలోని వీధిలో, బాంబులు తయారు చేస్తుండగా ఒకటి పేలింది. రష్యన్ పోలీసులు వచ్చి దొరికినవాళ్లను, దొరికిన కాగితాలను చైనా అధికారులకు అప్పగించారు. కాగితాల్లో సభ్యుల పేర్లున్నాయి. గవర్నర్ జనరల్ రుయ్‌చెంగ్ తెల్లవారకముందే ముగ్గుర్ని తల నరికించాడు. ఇక బ్యారకుల్లో ప్రతివాడికీ ఒకటే లెక్క, జాబితాలో నా పేరుందా? ఉంటే ఈ రాత్రి లేచినా చావే, లేవకపోయినా చావే.

10వ తేదీ సాయంత్రం ఇంజనీర్ల పటాలంలో ఒక అధికారి రాత్రి తనిఖీకి వచ్చి, తుపాకీ తుడుచుకుంటున్న సిపాయిని ఏం చేస్తున్నావని గద్దించాడు. మాటా మాటా పెరిగింది, కాల్పులు మొదలయ్యాయి. అంతకు ముందే అధికారులు అనుమానంతో తూటాలన్నీ లాక్కుని తాళం వేశారు. సిపాయిల దగ్గరున్నది దాచుకున్న నాలుగు తూటాలే. అయితే చూవాంగ్‌తాయ్ ఆయుధాగారానికి కాపలా ఉన్నది కూడా ఇంజనీర్ల పటాలమే! షియోంగ్ బింగ్‌కున్ అనే చిన్న ర్యాంకు సైనికుడి వెనక అక్కడికి పరుగెత్తి తలుపులు తీసుకున్నారు. అర్ధరాత్రికి కొండ మీద నుంచి ఫిరంగులు గవర్నర్ భవనం మీద పేలుతున్నాయి. రుయ్‌చెంగ్ వెనక గోడకు కన్నం పెట్టించుకుని నదిలో ఉన్న యుద్ధనౌక ఎక్కేశాడు. తెల్లారేసరికి నగరం సిపాయిలది. నాయకుడంటూ ఎవరూ లేరు. ఉన్నవాళ్లలో ఒకాయన ఒళ్లు కాలి ఆసుపత్రిలో, కొందరు పరారీలో. బ్రిగేడ్ అధికారి లీ యువాన్‌హోంగ్‌ను పట్టుకొచ్చి మీరే గవర్నర్ అన్నారు. ఆయన నన్ను చంపకండి అన్నట్టు చూశాడు. మూడు రోజులు మాట్లాడలేదు, ప్రకటన మీద సంతకం కూడా ఎవరో పెట్టారు. సిపాయిలు ఆయన్ను మట్టి బోధిసత్వుడన్నారు. ఈ మట్టి బొమ్మ తర్వాత రెండుసార్లు దేశాధ్యక్షుడయ్యాడు.

కొత్త ప్రభుత్వం మొదటి రెండు రోజుల్లో చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది హాంకౌలోని విదేశీ కాన్సళ్లకు పంపిన కాగితం. ఇప్పటిదాకా చేసుకున్న ఒప్పందాలన్నీ గౌరవిస్తాం, నష్టపరిహారాల వాయిదాలు రాష్ట్రాలు ఎప్పటిలాగే కడతాయి, ఇక మీదట చింగ్ ప్రభుత్వానికి మీరిచ్చే అప్పులకు మాత్రం మాకు బాధ్యత లేదు. కాన్సళ్లు అక్టోబరు 18న తటస్థం అని ప్రకటించారు. తైపింగ్ తిరుగుబాటు నాడు చింగ్ రాజ్యాన్ని నిలబెట్టడానికి తుపాకులూ అధికారుల్నీ ఇచ్చిన దేశాలే ఇవి. ఇప్పుడు వాయిదా ఎవరు కట్టినా ఒకటే.

విప్లవకారుల నాయకుడు సన్ యట్ సేన్ ఆ సమయంలో అమెరికాలోని డెన్వర్‌లో ఉన్నాడు, విషయం పత్రికలో చదివి తెలుసుకున్నాడు. వెంటనే ఇంటికి పరుగెత్తలేదు. లండన్ వెళ్లి నాలుగు దేశాల బ్యాంకుల్ని కలిసి చింగ్‌కు అప్పివ్వకండని అడిగాడు. ఎక్కడ కొడితే పడుతుందో ఆయనకు తెలుసు.

తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. నవంబరు నెలాఖరుకు మధ్య, దక్షిణ రాష్ట్రాల్లో చాలావరకు బీజింగ్ నుంచి విడిపోయాయి. చాలాచోట్ల పగ్గాలు పట్టింది రాష్ట్ర సభల పెద్దమనుషులే. అంతటా శాంతంగా జరగలేదు. షియాన్‌లో మంచూ పేటలో ఆడా మగా పిల్లా తేడా లేకుండా వేల మందిని చంపారు, ఆ సంగతి విప్లవ చరిత్రల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. షెంగ్‌ను పదవి నుంచి తీసేస్తే జపాన్ పారిపోయాడు. దువాన్‌ఫాంగ్‌ను దారిలో జిజౌ దగ్గర సొంత సిపాయిలే నరికి, తలను కిరోసిన్ డబ్బాలో పెట్టి వూచాంగ్ పట్టుకెళ్లారు. చెంగ్డూలో జైలు నుంచి వచ్చిన పూ దియెన్‌జున్ గవర్నరయ్యాడు, పన్నెండు రోజులకు జీతం బకాయిల మీద సైనికులు కవాతు మైదానంలోనే తిరగబడితే పారిపోయాడు. తర్వాత జావ్ అర్‌ఫెంగ్ తల తెగింది.

దర్బారుకు దిక్కు ఒక్కడే కనిపించాడు, కాలి నొప్పి వంకతో దాదాపు మూడేళ్ల కింద తామే ఇంటికి పంపిన సేనాని యువాన్ షికాయ్. పిలిస్తే, కాలు ఇంకా తగ్గలేదని కబురు పెట్టాడు. కోరినవన్నీ ఇచ్చాక తగ్గింది. ప్రధానమంత్రి అయ్యి ఒక చేత్తో విప్లవకారులతో, ఇంకో చేత్తో దర్బారుతో బేరం నడిపాడు. ఖజానా ఖాళీ, అప్పు పుట్టదు, సైన్యం ఆయన మాటే వింటుంది. 1912 ఫిబ్రవరి 12న విధవరాణి లోంగ్యూ ఆరేళ్ల పూయీ తరఫున గద్దె దిగింది. ఏటా 40 లక్షల టేళ్ల భత్యం, రాజభవనంలోనే నివాసం, చక్రవర్తి బిరుదు అలాగే ఉంచుకోవచ్చు. 268 ఏళ్ల రాజ్యానికి ఇచ్చిన పింఛను అది. ఆ భత్యం కూడా సరిగా అందలేదు.

రాబర్ట్ హార్ట్ ఇవేవీ చూడలేదు. 1911 సెప్టెంబరు 20న, చెంగ్డూ కాల్పులు జరిగిన రెండు వారాలకు, ఇంగ్లండ్‌లో చనిపోయాడు. ఆయన కాలంలో సుంకాల శాఖ పన్ను లెక్కగట్టేది, డబ్బు మాత్రం చైనా అధికారుల చేతికే వెళ్లేది. విప్లవం గొడవలో వాయిదాలు ఆగిపోతాయని చెప్పి 1912 జనవరిలో ఆ డబ్బును షాంఘైలోని విదేశీ బ్యాంకులే నేరుగా జమ చేసుకునే ఏర్పాటు జరిగింది. వాయిదాలు పోగా మిగిలితే చైనాకు. రిపబ్లిక్ ఈ ఏర్పాటుతోనే పుట్టింది. 1913 ఏప్రిల్‌లో యువాన్ షికాయ్ అయిదు దేశాల బ్యాంకుల నుంచి రెండున్నర కోట్ల పౌన్ల అప్పు తీసుకున్నాడు. చేతికొచ్చింది 2 కోట్ల 10 లక్షలు, తీర్చాల్సింది 1960 దాకా. ఈసారి తాకట్టు ఉప్పు పన్ను. దాన్ని వసూలు చేసే పనికి బ్రిటిష్ వాళ్లు అనుభవజ్ఞుడైన మనిషినే వెతికి పంపారు. ఆయన పేరు సర్ రిచర్డ్ డేన్. అంతకు ముందు భారతదేశంలో ఎక్సైజు, ఉప్పు శాఖలకు ఇన్‌స్పెక్టర్ జనరల్. ఆయన బీజింగ్‌లో దిగిన ఏడాదే యువాన్ ఆ అప్పు డబ్బుతో ఎవరి మీద యుద్ధానికి దిగాడో వచ్చే భాగంలో.